గాలివానకు ఎదురుచూచువారు

శరదృతువనగానే మన మనస్సునకు మొదట తోచునది వెన్నెల. కడిగిన అద్దమువంటి ఆకాశము, ఏటిగట్టున రెల్లుపూలు, తేటపడిన నీరు - ఇవి మన కవులు తరతరములుగా ఆ ఋతుకన్యకు పెట్టిన సొమ్ములు. కాని బంగాళాఖాతపు టొడ్డున బ్రతుకుచున్న రైతును గాని, పల్లెకారును గాని అడిగి చూడుడు. ఆశ్వయుజ కార్తీకములనగానే వారికి గుర్తువచ్చునది వెన్నెల కాదు, వాయుగుండము. చేలో వరి పొట్టకు వచ్చియుండును. కొబ్బరిచెట్టు గెలలతో నిండియుండును. సరిగా అప్పుడే నడిసముద్రమున గాలి సుడి తిరుగ నారంభించును. కవిసమయము వేరు, కాపుసమయము వేరు.

ఇట్టి శరత్తే ఐరోపా ఖండపు వాయవ్యపు టంచున గల బ్రిటిషు దీవులకును కలదు. అక్టోబరు, నవంబరు మాసములలో అట్లాంటిక్ మహాసముద్రము నుండి లేచిన పెనుగాలులు ఆ దీవులమీద విరుచుకొనిపడును. పుట్టుకను బట్టి చూచిన అవి మన తుపానులవంటివి కావు. మన తుపాను వెచ్చని సముద్రజలము నుండి బలమును గ్రహించును. అచ్చటి గాలివాన ఉత్తరపు చలిగాలికిని, దక్షిణపు వెచ్చని గాలికిని గల యంతరము నుండి బలమును గ్రహించును. కాని ఇంటికప్పు లెగురగొట్టుటలోను, చెట్లు కూల్చుటలోను, నావలను ముంచుటలోను రెండును ఒక్క గూటి పక్షులే.

ఆ దేశమున ఈ గాలివానలకొరకు ఎదురుచూచు మనుష్యులు కొందరు కలరు. వారు వాతావరణశాఖ ఉద్యోగులు కారు. ఒకడు బడిపంతులు, ఒకడు గుమాస్తా, ఒకతె గృహిణి, ఒకడు పింఛను పుచ్చుకొనుచున్న వృద్ధుడు. ఇంటిగోడకు భారమితి, పెరటిలో వర్షమాపకము, కప్పుమీద గాలివేగమును కొలుచు గిన్నెల యంత్రము - ఇదియే వారి యాస్తి. సముద్రముమీద అల్పపీడనము పుట్టబోవుచున్నదని తెలిసినది మొదలు వారి కంటికి కునుకుండదు. పటములు ముందు వేసికొని సమభారరేఖలు దగ్గరపడుచున్నవా యని పరికింతురు. ‘వచ్చునా, రాదా? వచ్చినచో ఏ త్రోవను వచ్చును?’ అని రేయింబగళ్ళు వాదులాడుకొందురు. తుదకు గాలివాన దారి తప్పి మరియొక దిక్కునకు పోయినచో, పెండ్లివారు రాని విడిది యిల్లువలె చిన్నబోవుదురు.

ఇది విన్నవారి కొక సందేహము కలుగుట సహజము. లోకులకు ప్రాణాంతకమైనదాని కొరకు ఉవ్విళ్ళూరుట ధర్మమేనా? ఇల్లు కాలుచుండగా వెలుగు చూచి సంతోషించిన యట్లు కాదా? ఈ ప్రశ్న అచ్చటివారిదే యని మనము తప్పించుకొనుటకు వీలులేదు. నేడు మన తీరమునను ఉపగ్రహచిత్రములను, రాడారు చిత్రములను సెల్‌ఫోనులోనే చూచి, వాయుగుండము పుట్టకమునుపే దాని జాతకము వ్రాయు యువకులు బయలుదేరినారు. పాఠశాల విద్యార్థులలో ఈ యాసక్తి గలవారు ప్రతి తరగతియందును ఒకరిద్దరుందురు. కావున ఉపాధ్యాయు లొక నిర్ణయమునకు రావలసి యున్నది. ఈ యుత్సాహమును అణచవలెనా, పెంచవలెనా?

పెంచవలెననియే నా యభిప్రాయము. అయితే ఆ యుత్సాహమునకు తీర్చవలసిన ఋణ మొకటి కలదని నేర్పి మరీ పెంచవలెను. గాలివానయందు ఆనందము పొందినవాడు ఆ గాలివాన వలన నష్టపడువానికి బాకీదారు. ఈ మాటను సమర్థించుటకు చరిత్ర నుండి కొన్ని యుదాహరణములు చూపెదను.

1703వ సంవత్సరము నవంబరు 26వ తేది రాత్రి (ఆనాటి పాత పంచాంగము ననుసరించి) దక్షిణ ఇంగ్లండుమీద ఒక మహావాత్య విరుచుకొనిపడెను. ‘రాబిన్సన్ క్రూసో’ను వ్రాసి తరువాత ప్రపంచ ప్రఖ్యాతుడైన డేనియల్ డీఫో అప్పుడు లండనులో నుండెను. ఆయన ఇంటిలోని భారమితియందు పాదరసము ఎన్నడును లేనంత క్రిందికి దిగెను. అంతగా దిగుట నమ్మలేక, పిల్ల లెవరో గొట్టమును కదలించి యుందురని ఆయన తలచెను. తెల్లవారునప్పటికి సంగతి తేలినది. యుద్ధనౌకలు పదుమూడు మునిగినవి. సముద్రముమీద వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. అప్పుడు డీఫో ఊరకుండక పత్రికలలో ప్రకటన వేయించెను. ఎవరెవరు ఏమేమి చూచిరో నిజము తప్పకుండ వ్రాసి పంపుడని దేశప్రజలను కోరెను. అట్లు వచ్చిన జాబులనుండి 1704లో ‘ది స్టార్మ్’ అను గ్రంథము వెలువడెను. ఒక గాలివానను గూర్చి పలుచోట్ల నుండి సాక్ష్యము సేకరించి వ్రాసిన తొలి గ్రంథములలో అది యొకటి.

ఆ రాత్రియే మరియొకని కథ వేరు విధముగా ముగిసినది. ఇంగ్లీషు కాలువలో ఎడిస్టన్ అను రాతిదిబ్బమీద హెన్రీ విన్‌స్టన్లీ అనునాతడు దీపస్తంభము కట్టియుండెను. లోకమున పుట్టిన గాలివానలలో కెల్ల పెద్దది వచ్చునప్పుడు తాను ఆ స్తంభముననే యుండవలెనని ఆతడు కోరుచుండెడివాడట. కోరిక తీరినది. తెల్లవారునప్పటికి దీపస్తంభము లేదు, కట్టినవాడును లేడు. డీఫో, విన్‌స్టన్లీ యిద్దరును గాలివాన యెడల కుతూహలము గలవారే. ఒకని కుతూహలము ప్రశ్నయై లోకమునకు పనికివచ్చినది. రెండవవాని కుతూహలము పందెమై వానినే మ్రింగినది. మన విద్యార్థులకు ఈ రెండు కథలును జంటగా చెప్పవలెను.

నూటయేబది సంవత్సరముల పిమ్మట, 1859 అక్టోబరు చివర, ‘రాయల్ చార్టర్’ అను ఓడ వేల్సు తీరమున గాలివానలో బ్రద్దలై సుమారు నాలుగువందల యేబదిమంది మరణించిరి. డార్విను ప్రయాణము చేసిన ‘బీగిల్’ నౌకకు నాయకుడైన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ అప్పుడు ప్రభుత్వపు వాతావరణ విభాగమునకు అధిపతి. ముందుగా తెలిపియున్నచో ఈ ప్రాణములలో కొన్ని యైనను దక్కెడివి గదా యని ఆయన తపించెను. పల్లెకారుల రేవులయందు భారమితులు పెట్టించెను. తంతివార్తల మూలమున కొలతలు తెప్పించి, 1861 ఫిబ్రవరి నుండి రేవులకు గాలివాన హెచ్చరికలు పంపసాగెను. స్తంభములకు శంకువు ఆకారపు గుర్తులు ఎగురవేసిన చాలు, చదువురాని నావికుడును గ్రహింపగలిగెను. అదే సంవత్సరము ఆగస్టు 1వ తేదిని ‘టైమ్స్’ పత్రికలో తొలి వాతావరణ సూచన ప్రకటింపబడెను.

తప్పినప్పుడెల్ల పండితులు ఆయనను ఎగతాళి చేసిరి. 1865లో ఆయన బలవన్మరణము పొందెను. మరుసటి సంవత్సరము పండితసంఘ మొకటి ఈ హెచ్చరికలకు శాస్త్రీయమైన ఆధారము లేదని తీర్మానించుటచే అవి నిలిచిపోయినవి. కాని రేవులవారును, నావికులును ఊరకుండలేదు. పూర్తిగా నిజము కాకపోయినను ఆ హెచ్చరికయే తమకు కావలెనని పట్టుపట్టిరి. 1867లో హెచ్చరికలు తిరిగి ప్రారంభమైనవి. పండితుడు కోరునది నిశ్చయము. పల్లెకారు కోరునది వ్యవధి. ఈ భేదమును ఎరిగిన ఉపాధ్యాయుడు వాతావరణ సూచన తప్పిన దినమున నవ్వడు.

ఆ కాలముననే జార్జి సైమన్స్ అను నొకడు వర్షమును కొలుచువారి నొక సంఘముగా కూర్ప నారంభించెను. జీతము లేదు, బిరుదు లేదు. ప్రతిదినము ఉదయము ఒకే వేళకు వర్షమాపకము చూచి కొలత వ్రాసియుంచుటయే సభ్యుల పని. మతాచార్యులు, వైద్యులు, రైతులు, స్త్రీలు అందు చేరిరి. 1900లో సైమన్స్ మరణించునాటికి వారి సంఖ్య మూడువేలకు మించినది. గాలివాన వచ్చిన రోజున పరుగెత్తుకొనివచ్చి చూచువాడు ప్రేక్షకుడు. రాని మూడువందల రోజులును కొలత వ్రాసినవాడు పరిశీలకుడు. వాతావరణ ప్రియుడని పేరు పెట్టుకొనుటకు అర్హత రెండవవానికే యుండవలెను.

ఇక మన కాలమునకు వత్తము. 1987 అక్టోబరు 15వ తేది మధ్యాహ్నము బి.బి.సి. టెలివిజనులో మైకేల్ ఫిష్ అను వాతావరణవేత్త చిరునవ్వుతో ఒక మాట చెప్పెను. పెనుతుపాను వచ్చుచున్నదని ఎవరో స్త్రీ టెలిఫోను చేసినదనియు, అట్టిదేమియు లేదు గనుక కలతపడవలదనియు ఆ మాటల భావము. గాలి గట్టిగా వీచునని కూడ ఆయన చెప్పెను. కాని లోకము మొదటి మాటనే జ్ఞాపకముంచుకొన్నది. ఆ రాత్రి గడచునప్పటికి దక్షిణ ఇంగ్లండున పదునెనిమిదిమంది మరణించిరి. సుమారు కోటి యేబది లక్షల చెట్లు కూలినవి. ఏడు సింధూరవృక్షములనుబట్టి పేరు వచ్చిన సెవెనోక్స్ అను ఊరిలో, ఆ పేరునకు గుర్తుగా నాటిన ఏడు చెట్లలో ఆరు పడిపోయినవి.

అన్ని చెట్లు ఏల కూలినవి? ఇందులో విద్యార్థులు తెలిసికొనవలసిన సంగతి కలదు. అది శరత్కాలము. ఆకు లింకను రాలలేదు. ఆకులతో నిండిన చెట్టు గాలికి తెరచాపవంటిది. అంతకుముందు కురిసిన వానలకు నేల నాని మెత్తబడియుండెను. అదే గాలి మోడుచెట్లమీద, గట్టినేలమీద వీచియున్నచో ఇంత విధ్వంసము జరుగదు. గాలి వేగ మొక్కటియే నష్టమును నిర్ణయింపదు. అది ఏ ఋతువున, దేనిమీద వీచినదను సంగతియు నిర్ణయించును. మన కొబ్బరితోటలకును, పొట్టమీద నున్న వరిచేలకును ఈ సూత్రమే వర్తించును.

ఆ రాత్రి కొన్నిచోట్ల ఉష్ణోగ్రత ఇరువది నిమిషములలో ఎనిమిది డిగ్రీలకు పైగా పెరిగెను. సూచన తప్పుటకు గల కారణములలో, బిస్కే అఖాతపు దిక్కున సముద్రముమీద నుండి తగినన్ని కొలతలు అందకపోవుట యొకటి. ఆ గాలివాననే మరల మరల పరిశోధించి, దాని కొసయందు తేలుకొండివలె క్రిందికి దిగిన ఒక యిరుకైన గాలిధార కలదని కీత్ బ్రౌనింగ్ అను శాస్త్రజ్ఞుడు 2004లో వెల్లడించెను. పదునేడేండ్ల తరువాత గూడ పరిశోధన సాగుటకు ఆధారమైనవి ఏవి? ఆ రాత్రి మేల్కొన్న యంత్రములును, ఆ యంత్రముల పత్రములను పారవేయక దాచినవారును.

2013 అక్టోబరు 28వ తేదిని వచ్చిన గాలివాన దీనికి ఎదురు చిత్రము. ఆ దినము జూడ్ అను క్రైస్తవ మహాత్ముని పండుగ యగుటచే దానికి ఆ పేరే వచ్చినది. అల్పపీడన మింకను రూపు దాల్చకమునుపే, నాలుగు దినములు ముందుగా, వాతావరణశాఖ హెచ్చరించెను. వాతావరణ ప్రియులకు ఆ నాలుగు దినములును పండుగకు ముందు దినములవలె గడచినవనుటలో సందేహము లేదు. కాని వారి సన్నాహమును చూడుడు. పెరటిలోని కుండీలు, బల్లలు లోపలికి చేర్చిరి. కార్లను చెట్లక్రింద నుండి తీసివైచిరి. దీపములకు కొత్త బ్యాటరీలు వేసిరి. ప్రయాణములు వాయిదా వేసికొండని బంధువులకు చెప్పిరి. రైళ్ళ సంస్థలు ముందురోజుననే పెక్కు రైళ్ళను రద్దుచేసినవి. వైట్ ద్వీపపు కొసయందు గంటకు నూటఅరువది కిలోమీటర్ల గాలి వీచినను, బ్రిటనులో మరణించినవారు ఐదుగురే. ఆ యైదుగురిలో ఒక బాలుడు గాలి రాకమునుపు, ముందురోజుననే, సముద్రతీరమున అలల పాలైనాడు. తుపాను దూరమున నుండగానే దాని అలలు ముందుగా వచ్చును. ఈ యొక్క వాక్యమును తీరగ్రామములలోని ప్రతి పాఠశాల గోడమీదను వ్రాయవలెను.

ఈ చరిత్రతో మనకేమి సంబంధమని యెవరైన అడుగవచ్చును. ఇంగ్లీషువారు నేడు మన తుపానులకు వాడు ‘సైక్లోను’ అను మాటయే ఒక వాతావరణ ప్రియుడు పుట్టించినది. హెన్రీ పిడింగ్‌టన్ పూర్వము నావికుడు. పిమ్మట కలకత్తాలో స్థిరపడి, గాలివానలలో చిక్కిన ఓడల దినచర్య పుస్తకములను ప్రోగుచేసి, బంగాళాఖాతమున గాలి సుడి ఎట్లు తిరుగునో తేల్చెను. చుట్టచుట్టుకొన్న సర్పమును స్ఫురింపజేయునట్లు గ్రీకు భాషనుండి ఆ మాటను కల్పించి 1848లో తన గ్రంథమున ప్రయోగించెను. ఆయన రచనలలో మన కోరంగియు కనబడును. గోదావరి ముఖద్వారమున వర్ధిల్లిన ఆ రేవును 1789 డిసెంబరులో మూడు పెనుకెరటములు వరుసగా ముంచినవనియు, ఇరువదివేలమంది నశించిరనియు చెప్పుదురు. 1839 నవంబరులో మరల మరియొక తుపాను ఆ రేవును నేలమట్టము చేసెను. మాతలా నదియొడ్డున క్రొత్త రేవు కట్టవలదు, ఉప్పెన దానిని తుడిచివేయునని పిడింగ్‌టన్ 1853లో గవర్నరు జనరలునకు వ్రాసెను. ఎవరును వినలేదు. కట్టిన రేవును 1867లో ఉప్పెన పాడుచేసెను. హెచ్చరించినవాడు అప్పటికి తొమ్మిదేండ్లకు ముందే చనిపోయెను.

మనవారిలోను ఇట్టివారు లేకపోలేదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో తన సొంత ధనముతో వేధశాల నెలకొల్పిరి. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపిరి. ప్రభుత్వ వాతావరణశాఖ పుట్టినది 1875లో. అంతకు ముప్పది యైదు సంవత్సరములకు ముందే ఒక తెలుగు గృహస్థు ఆకాశమును పరిశీలించుటకు ఇల్లు కట్టినాడన్న సంగతి మన పాఠ్యపుస్తకములలో నుండదగినది.

ఇక కఠినమైన ఉదాహరణమునకు వత్తును. 1977 నవంబరు 19వ తేది. దివిసీమ. ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. తుపాను వచ్చుచున్నదను వార్త రేడియోలో రాకపోలేదు. కాని తుపాను చీరాల దిక్కున తీరము దాటినప్పుడు దివిసీమకు అంత ఉప్పెన ఏల వచ్చినది? మన తీరమునకు తుపాను తూర్పునుండి పడమటికి వచ్చును. సుడి అపసవ్యముగా తిరుగును. కావున దాని కేంద్రమునకు కుడివైపున, అనగా ఉత్తరపు దిక్కున, గాలి సముద్రము నుండి నేలమీదికి నీటిని నెట్టును. ఎడమవైపున నేలనుండి సముద్రముమీదికి వీచును. చీరాలకు కుడివైపున నున్నది దివిసీమ. ‘తుపాను మన ఊరికి కాదు, చీరాలకు’ అన్న వార్త దివిసీమవారికి ఊరట కాదు, మృత్యుసూచన. ఇది లోతైన గణితము కాదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి పలకమీద గీసి చూపగల విషయము. ప్రతి పల్లెలోను ఇది తెలిసి, గొంతెత్తి చెప్పగలవా డొక్కడున్నచో ఎందరు దక్కెడివారో!

మంచి దినములు రాకపోలేదు. ఇంగ్లండున ఆ ‘జూడ్’ గాలివాన వచ్చిన నెలలోనే, 2013 అక్టోబరు 12వ తేదిని, ‘ఫైలిన్’ అను పెనుతుపాను గోపాలపురమువద్ద తీరము దాటెను. అంతకుమునుపే ఒడిశాలోను, మన శ్రీకాకుళము ప్రాంతమునను సుమారు పదిలక్షలమందిని సురక్షిత స్థలములకు తరలించిరి. 1999లో అదే ఒడిశా తీరమున తుపాను సుమారు పదివేల ప్రాణములు తీసెను. 2013లో మృతులు పదులలోనే యుండిరి. సరిగా సంవత్సరము తిరిగినాటికి, 2014 అక్టోబరు 12వ తేదిని, ‘హుద్‌హుద్’ విశాఖపట్టణమును తాకెను. తుపాను కన్ను నగరముమీదుగా సాగెను. కన్ను మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా నిలుచును. కొంతసేపటికి ఎదురు దిక్కునుండి అంతకంటె భీకరముగా వీచును. ఆ నిశ్శబ్దము శాంతి కాదని తెలియనివాడు తలుపు తీసికొని వీధిలోనికి వచ్చును. తెలిసినవాడు వానిని చేయిపట్టి లోపలికి లాగును. వాతావరణ విజ్ఞానమునకు ఇంతకుమించిన ప్రయోజనము నేనెరుగను.

కావున గాలివానకు ఎదురుచూచువాడు తీర్చవలసిన ఋణ మేమి? మొదటిది కొలుచుట. ఉష్ణమండలమున భారమితి ప్రతిదినము రెండుమారు లెక్కి, రెండుమారులు దిగును. ఉదయము పదిగంటల ప్రాంతమున ఎక్కువ, సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున తక్కువ. మూడు నాలుగు మిల్లిబారుల యీ నిత్యపు ఆటుపోటులను నెలలతరబడి వ్రాసినవానికే, నిజమైన పతనము వచ్చినప్పుడు అది నిజమని తెలియును. డీఫో తన భారమితిని నమ్మలేకపోయిన కథ జ్ఞాపకముంచుకొనుడు. గాలికి వెన్నిచ్చి నిలుచున్నచో, మన ఉత్తరార్ధగోళమున, అల్పపీడనము ఎడమచేతి దిక్కున నుండును. యంత్రము లేనివానికి గూడ ఈ సూత్ర మొక యంత్రమే.

రెండవది ఉన్నదున్నట్లు చెప్పుట. కంప్యూటరులు గీయు పటములు ప్రతిదినము పెక్కు వచ్చును. వానిలో అన్నిటికంటె భయంకరమైనదానిని ఏరి, పది దినములు ముందుగా ఊరంత చాటువాడు వాతావరణ ప్రియుడు కాడు. ‘నాన్నా, పులి’ యని కేకవేసిన పిల్లవాడు. వానివలన నిజమైన పులి వచ్చిననాడు గొర్రెలకే కాదు, మనుష్యులకును రక్షణ యుండదు. ‘రావచ్చును’ అనుటకును, ‘వచ్చును’ అనుటకును గల భేదమును వ్యాకరణ పాఠమునందే కాక వాతావరణ పాఠమునందును నేర్పవలెను. అధికార హెచ్చరికను మార్చక, పెంచక, తగ్గింపక తన వీధివారికి అర్థమగునట్లు చెప్పినచో విద్యార్థి చేయవలసిన సేవ చాలవరకు చేసినట్లే.

మూడవది పొరుగువానిని సిద్ధపరచుట. తన యింట దీపము, మంచినీళ్ళు, అటుకులు, మందులు సమకూర్చుకొనుట అందరును చేయుదురు. ఎదురింటి ముసలమ్మ పెంకుటింటిమీద వాలిన ఎండుకొమ్మను ఎవరు చూడవలెను? కూలికి పోయి సాయంకాలము గాని యింటికి రానివానికి కబురు ఎవరు చెప్పవలెను? కట్టుకొయ్య నుండి పశువులను విప్పవలెనని ఎవరు జ్ఞాపకము చేయవలెను? పటములు చూచి ఆనందించినవాడే చూడవలెను, చెప్పవలెను. ఆనందము తనది, ఆపద యింకొకరిది యైనచో ఆ యానందము దోషమగును. ఆపదలో తానును పాలుపంచుకొన్నచో అదే యానందము విద్యయగును.

‘పాఠములు ముగించుటకే తీరికలేదు, ఇక వాతావరణ మొకటియా?’ అని ఉపాధ్యాయు లడుగవచ్చును. దీనికి ప్రత్యేకమైన గంట అక్కరలేదు. ఒక సీసా, ఒక గరాటు, ఒక కొలబద్ద ఉన్నచో వర్షమాపకము సిద్ధము. ఒక పుస్తకము, అందులో దినమునకొక వరుస - గాలి దిక్కు, మేఘము తీరు, వాన కొలత. వంతులవారీగా పిల్లలే వ్రాయుదురు. పదియేండ్లు గడచినచో ఆ పుస్తకమువంటి గ్రంథము ఆ మండలములో మరియొకటి యుండదు. గణితము, భూగోళము, భాష మూడును అందు కలియును. గాలివాన వచ్చుచున్నదని విని కన్నులు మెరయు పిల్లవానిని ‘నోరు మూసుకొని కూర్చో’ అనుటకు బదులు ఆ పుస్తకమును వాని చేతికీయుడు.

మన రేవులలో ఎగురవేయు తుపాను సూచికలు పదునొకటి కలవు. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు. ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాద సూచికలు. పదునొకండవదానికి అర్థము మరియొకటి. హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినది, ఇక అచ్చటినుండి కబురు రాదు అని. తీగలు తెగి, స్తంభములు కూలి, సెల్‌ఫోను మూగబోయి, రాజధానినుండి ఒక్క మాటయు రాని ఆ గడియలో ఊరికి మిగులునది ఊరికి తెలిసినదే. గాలి ఏ దిక్కునుండి వీచుచున్నది, నీరు ఎటు వచ్చును, ఈ నిశ్శబ్ద మేమిటి, ఇప్పుడు బయటికి పోవచ్చునా - వీనికి బదులు చెప్పగల బాలిక యొకతె, బాలు డొకడు ఆ చీకటి గదిలో నున్నచో ఆ ఊరు నిరాధారము కాదు. అట్టివారిని తయారుచేయుట మన బడుల పని. ఈ శరత్తుననే మొదలుపెట్టుదము.